తలెత్తి చూస్తే క్రేన్ లేదు

పొద్దున్నుంచి ముసురు. ఆగుతోంది, మళ్ళీ పడుతోంది. ఆరు గంటల షిఫ్టుకు వెళ్ళి, బరువులెత్తే తాళ్ళు నాలుగు పరీక్షించి, పోగులు లేచిన దాన్ని పక్కన పెట్టించి, ఒక మోటారును పైనుంచి దింపించి, రెండు గంటలకు భిలాయి ఉక్కు ప్లాంటు గేటు బయటికి వచ్చాను. బరువులు ఎత్తించి దింపించే రిగ్గరుగా ముప్పై మూడేళ్ళ పనిలో ఆఖరి రోజు అలా గడిచింది. విశేషం ఏమీ జరగలేదు. మా పనిలో అదే మంచి రోజు.

అధ్యక్షులు గౌరీదేవి గారికి, వేదిక మీది పెద్దలకు, తడుస్తూ వచ్చిన ఖుర్సీపార్ బస్తీ మిత్రులకు, ఆడపడుచులకు, ఈ గురుమూర్తి నమస్కారాలు. నా ముందు మాట్లాడినవాళ్ళంతా పంపు దగ్గర బొమ్మను నేనే నిలబెట్టానన్నారు. అది ఎలా నిలబడిందో చెప్పి కూర్చుంటాను.

ఆ ఆలోచన గౌరీదేవి గారిది. ఇంటికొక పనికిరాని వస్తువు తెండి, అన్నీ కలిపి బస్తీకి ఒక బొమ్మ చేద్దాం, కానీ ప్లాంటు సామాను చిన్న మేకైనా వద్దు, ఎవరి వస్తువును వాళ్ళే పెట్టాలి, వెల్డరు బంగార్రాజు అతుకు మాత్రమే వేస్తాడు అని షరతులు పెట్టారు. స్టవ్వు బర్నర్లు, చిల్లుపడ్డ బకెట్లు, సైకిలు రిమ్ములు, బొగ్గుల ఇస్త్రీపెట్టెలు, మంచం కోళ్ళు వచ్చాయి. మగమనిషి బొమ్మ చేద్దామని మేమంటే నూకాలమ్మ ఒప్పుకోలేదు. "మగోళ్ళ బొమ్మలు చౌకుకొకటున్నాయి గదా భయ్యా, నీళ్ళు మోసేది మేమైతే మీ బొమ్మేటి?" అంది. అందుకని బిందె ఎత్తుకున్న ఆడమనిషిని చేశాం. (నవ్వులు)

రెండు నెలల పాటు ఆదివారాలు పనిచేశాం. ప్లాంటులో ఎలా చేస్తామో అలాగే, పన్నెండు అడుగుల మనిషిని నేల మీద పడుకోబెట్టి అతుకులు వేశాం. ఆఖరి అతుకు పడ్డాక, ఇరవై మందిమీ అలవాటు కొద్దీ ఒక్కసారే తలెత్తి పైకి చూశాం. పైన క్రేన్ లేదు. ఆకాశం ఉంది. ఐదు క్వింటాళ్ళ పైన బరువు. ఎలా లేపాలన్నది ఒక్కరికీ తోచలేదు. (నవ్వులు)

లారీ గ్యారేజీలో అడిగి గొలుసు కప్పీ తెచ్చారు. మూడు పైపులు కట్టి దాన్ని వేలాడదీశారు. మనుషులున్నారు, తాళ్ళున్నాయి. ఈల ఊది పని నడిపించేవాడు కావాలి. అందరూ నన్ను చూశారు. నేను ఇంటికి వెళ్ళిపోయాను.

ఎందుకో పాతవాళ్ళకు తెలుసు. ఎనిమిదేళ్ళ క్రితం ఆ పంపు పక్క మైదానంలోనే పూజ పందిరి స్తంభం లేపుతున్నప్పుడు అది జారి, మాతో కలిసి లేపుతున్న దుర్గారావు కాలి మీద పడింది. రెండు వేళ్ళు పోయాయి. ఆనాడు ఈల నాది. ఆ తర్వాత ప్లాంటులో డ్యూటీ కాబట్టి ఊదాను గానీ బస్తీలో నోట పెట్టలేదు. మా ఆవిడ అప్పయమ్మ, "బొమ్మను అలాగే పడుకోనీ. పిల్లలు ఎక్కి ఆడుకుంటారు" అంది. నాకూ అదే మంచిదనిపించింది.

ఆ శనివారం సాయంత్రం దుర్గారావు మా గుమ్మం దగ్గరకు వచ్చాడు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి. లోపలికి రాలేదు. "బావా, రేపు ఈల నువ్వే ఊదాల. బొమ్మ కాళ్ళ కాడ నానుంటాను" అన్నాడు. అక్కడ వద్దన్నాను. "మరెవుడుంటాడు? బరువు ఎటు జారతాదో కాలితో తెలిసినోడిని నానే గదా" అన్నాడు.

పోయిన నెల రెండో ఆదివారం పొద్దున లేపాం. సగం లేచేసరికి బొమ్మకు అతికిన ఒక ఇస్త్రీపెట్టె మూత ఊడి, కాళ్ళు దిగాల్సిన గుంట అంచున పడింది. పొడుగ్గా ఊదాను. తాళ్ళు ఎక్కడివక్కడ ఆగాయి. దుర్గారావు కదల్లేదు, పైకి కూడా చూడలేదు. ఆ మూత ఇవతలికి తీసి, గునపం సర్దుకుని, చెయ్యి ఊపాడు. ఇరవై నిమిషాలకు ఆవిడ నిలబడింది. నేను కూర్చుండిపోయాను. అతను వచ్చి, "ఊది ఊది దాహమేసినట్టుంది, ఈ దొరగారికి నీళ్ళియ్యండ్రా" అన్నాడు. (నవ్వులు)

ఇంకొక్కటి చెప్పాలి. అది చెప్పాలనే ఈ సన్మానానికి ఒప్పుకున్నాను. ఆనాడు స్తంభం గాలికి ఊగి జారిందని పంచాయితీలో చెప్పాను. అందరూ నమ్మారు. ఆ పొద్దున గాలి లేదు. వెనక తాడు ఇంకా కట్టలేదు. నేను చూసుకోకుండా ముందే ఊదాను. దుర్గారావు ఆసుపత్రిలో ఉన్నప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాది.

(హాలులోంచి దుర్గారావు: "నాకు తెలుసులే బావా. ఎనకన తాడు పట్టాల్సినోడిని నానే గదా. కట్టేలోగా ఊదేసినావు. నువ్వెప్పుడు సెప్తావా అని సూస్తన్నాను. సరే, కానియ్యి, కానియ్యి, అవతల పులిహోర సల్లారిపోతంది.")

నేను ఇంకా రెండు కాగితాలు రాసుకొచ్చాను. వాటితో పని లేదు. ఒళ్ళు తేలికగా ఉంది. రేపు క్వార్టరు ఖాళీ చేసి భిలాయి-3లో మా అమ్మాయి రోహిణి ఇంటి పక్క వాటాలోకి మారుతున్నాం. బొమ్మకు వానల తర్వాత రంగు వేయించండి, లేకపోతే బిందె దగ్గర తుప్పు మొదలవుతుంది. శాలువా కప్పినవారికి, వంట చేసినవారికి, ఇంతసేపు విన్నవారికి కృతజ్ఞతలు. ఇక నాకు సెలవు.

(సభ ఏడు గంటలకు ముగిసింది. గౌరీదేవి గారు ఏడుంపావుకి వెళ్ళారు. గురుమూర్తి, అప్పయమ్మ, దుర్గారావు ఎనిమిదిన్నరకు ఒకే రిక్షాలో వెళ్ళారు.)