మాఫీ దావత్

గా కంప్యూటర్ దిక్కు చూసుకుంట తలకాయ ఊపితె నాకేం సమజైతది సార్? నేనడిగింది ఒక్క కాయితం. చదువు లోను మంచిగ కడుతున్నరు, బాకీ లేదు అని రాసియ్యుండ్రి, పోత. పొద్దుగాల తొమ్మిదింటికి వచ్చి కూసున్న. మీ అటెండరు నా కాళ్ల కింద రెండుసార్లు ఊడ్సిండు.

భిక్షం సార్ నా పేరు. మర్రిగూడ మండలం. లోను మా పిల్ల ప్రవళికది, బీటెక్కుకు తీసినం. నేను పక్కన సంతకం పెట్టిన. మీరు కొత్తగ వచ్చిండ్రు, మీకు తెల్వదు. అప్పటి మేనేజరు సారు నన్ను కూసోవెట్టి చాయ్ తాపిండు. ఇచ్చేటప్పుడు అందరు తాపుతరు లెండి.

ఎన్ని? పదకొండు నెలల కిస్తీలు పడలేదా? జర పైకి జరిపి చూడుండ్రి.

సరే. పదకొండే.

మెసేజులా? వచ్చినయ్. పిల్లకు రావు, అప్పుడామెకు ఫోను లేకుండె, నా నంబరే ఇచ్చినం. అన్నీ ఇంగ్లీషుల వస్తయి. ఫోన్లు గూడ చేసిండ్రు. చేసినోడు హిందీల మాట్లాడిండు. హలో, ఇనవడ్తలేదు అన్న. వాడు గూడ హలో హలో అన్నడు. గట్ల ఆర్నెల్లు మాట్లాడుకున్నం.

లే సార్. ఇనవడ్డది. అబద్ధమెందుకు.

నా అక్కెర ఏందో చెప్త ఇనుండ్రి. పిల్ల చౌటుప్పల్ కాడ మందుల కంపెనీల చేస్తది. డ్యూటీ దిగినంక చదివి చదివి పరీక్ష రాసింది. బ్యాంకుల కొలువు కొట్టింది సార్! మీ అసొంటి బ్యాంకే. సోమవారం జాయినింగు. అయితె వాళ్లు సిబిల్ చూస్తరట. అప్పు ఎగ్గొట్టినోళ్లను తీసుకోరట. మనిషికి మార్కులేస్తరట గదా? మా పిల్లకు చిన్నప్పటి సంది అన్ని పరీక్షలల్ల మంచి మార్కులే. గీ ఒక్క పరీక్ష ఆమెకు బదులు నేను రాసిన.

ఒక్కటడుగుత, కోపానికి రాకుండ్రి. చదువు లోనుకు మాఫీ లేదా? లేదా! పత్తి ఎండిపోతె మాఫీ ఉన్నది, పిల్ల పాసైతె లేదా? సరే. అడిగితె తప్పేమున్నది.

మా ఊరి దివాకర్ పంతులు చెప్పిండు, చదువు లోనుకు వడ్డీ కడితె ఇన్‌కం టాక్సుల తగ్గుతదని. నిజమేనా? ముందు వడ్డీ కట్టాలె. అటెనుక టాక్సు పడేంత జీతం రావాలె. మంచిదే. మాకు రెండూ లేవు.

సగం కట్టి సెటిల్‌మెంటు చేసుకుంటె? సగమే కట్టిండ్రని రాసిపెడ్తరా? ఆ రాత ఏండ్లకేండ్లు ఉంటదా! అయితె వద్దు.

పోనీ, నేను ఐపీ పెడ్త. నవ్వకుండ్రి సార్. మా దిక్కు చిట్టీల వెంకటయ్య ఐపీ పెట్టిండు. కోర్టుల కాయితం ఏసిండు, తెల్లారి సంది ఇస్త్రీ అంగి ఏసుకొని తిరుగుతుండు. బాకీలోళ్లే వాన్ని చూసి పక్క గల్లీల పోతున్నరు. నేను పెడితె పిల్ల పేరు సాఫ్ అయితదా? కాదా? అప్పు ముందు ఆమెదా? అంటె దివాలా తీసుడు గూడ ఆమెనే తియ్యాలెనా? ఇరవై నాలుగేండ్ల పిల్ల సార్!

ఏందీ? పిల్ల పైసలు ఇయ్యలేదా అంటరా?

ఇచ్చింది. ఒకటో తారీకు తప్పలేదు. ఏడు వేలు. బాపూ, నా ఫోనుల కెల్లి నేనే కట్టనా అని గూడ అడిగింది. నేనే వద్దన్న. ఫోన్ల పైసలు మాయమైతున్నయ్ బిడ్డా, నా చేతులతోని కడ్త అన్న.

తాగలేదు సార్. పేకాట ఆడలేదు. అట్ల చూడకుండ్రి.

సొసైటీల నాకు పంట లోను ఉండె. రెండు లక్షల మీద ఉన్నది ముందు కట్టుకుంటె, మిగతా రెండు లక్షలు మాఫీ అన్నరు. నాకు నలభై వేల పైన ఎక్కువుండె. పిల్ల పంపిన ఆరు నెలల పైసలు అండ్ల కట్టిన. మాఫీ అయితది, కొత్త లోను ఇస్తరు, ఆ పైసలు తెచ్చి మీ కాడ ఒక్కటేసారి కడ్త అనుకున్న. గిండ్ల తప్పేమున్నది? మీరైతె చెయ్యరా?

లిస్టుల నా పేరు లేదు.

ఎందుకంటె, కుటుంబానికి రెండు లక్షలే. రేషన్ కార్డుల ఎంతమందున్నా ఒక్క కుటుంబం. మా కార్డు మా నాయిన ఉన్నప్పటిది. అండ్ల నేనున్న, మా తమ్ముడున్నడు, వాని భార్య కోమల ఉన్నది. తొమ్మిదేండ్ల కిందనే వేరు వడ్డం. పొలం గెట్టు పంచాయితీల మాటలు బందైనయ్. పొయ్యి వేరు, బాయి వేరు, కార్డు మాత్రం ఎవ్వరం మార్పియ్యలె. వాడు మార్పిస్తడని నేను, నేను మార్పిస్తనని వాడు. లిస్టుల ఆడోళ్లది ముందుగాల వచ్చింది. కోమల రెండు లక్షలు మాఫీ. మా కుటుంబం కోటా ఖతం!

వాళ్లు ఆ దినం పటాకులు కాల్చిండ్రు. మా వాకిలి దిక్కు తిరిగి కాల్చిండ్రు సార్. గుర్వయ్య అని మా ఊరి పెద్దమనిషి, నలుగుర్ల అడిగిండు: నీదేమాయె భిక్షం? నోట్లకెల్లి వచ్చేసింది. నాది గూడ అయింది అన్న.

అయితె దావత్ ఏది అన్నడు.

యాటను కోసిన. ఇంకో రెండు నెలల పైసలు అండ్ల పోయినయ్. ఊరంత తిన్నది. మా తమ్ముడు గూడ వచ్చిండు! తొమ్మిదేండ్లకు మా ఇంట్ల కూసొని బొక్క జీకిండు. వానింటి అప్పు మాఫీ అయినందుకు దావత్ నేనిచ్చిన సార్. ఇసొంటిది ఎన్నడన్న ఇన్నరా?

మిగిలిన మూడు నెలలా? బోరు మోటరు కాలింది, రెండు నెలలవి దానికే పోయినయ్. ఇంకొకటి దేనికి పోయిందో యాదికి లేదు.

ఆ దావత్‌కు ప్రవళిక సెలవు పెట్టి వచ్చింది. చేతులు కడుక్కుంట, బాపూ, నీ నెత్తి మీద బరువు దిగింది, నాది గూడ జల్ది దించుకుంట అన్నది. అప్పుడన్న చెప్పాలె గదా. సిగ్గైంది. ఇంకింత కూర ఏసిన.

ఇయ్యాల మొత్తం కడితె మళ్ల లైన్ల వడ్తదా? కట్టినమని కాయితం ఇస్తరా? పాత రాత అట్లనే ఉంటదా... కొలువోళ్లు ఒప్పుకుంటరో లేదో మీరు చెప్పలేరా. అదన్న అడిగి చూసుకుంటం.

నా కాడ ఏడున్నయ్ సార్? పిల్ల కాడ ఉన్నయ్. కొత్త కొలువుకు రూము కిరాయి అని, బట్టలని జమ చేసుకున్నది. ఒకసారి ఇచ్చిన పైసలే ఆమె మళ్ల కట్టాలె. గా మాట ఆమెకు నేను చెప్పాలె.

ఏడున్నదా? బయట బెంచి మీద. లోపటికి వస్తనన్నది, నేనే కూసోమన్న. మీరు పిలిచి చెప్తరా? వద్దు వద్దు, మీరు చెప్పకుండ్రి. బయటోళ్ల నోట ఇంటె ఇంక బాధైతది.

ఒక పని చెయ్యుండ్రి. ఉన్నది ఉన్నట్టు కాయితం తీసియ్యుండ్రి, పదకొండు నెలల బాకీది. ఆమె చేతుల పెట్టి పక్కకు నిలవడ్త. నోటితోని నాతోని కాదు సార్. చదువుకుంటది.