ఏ ఆయన?

కొత్తపేట రైతుబజారు వెనక వీధిలో ఇందిరాదేవి ఇల్లు. ఆ ఇంటి వెనక పోర్షన్‌లో ఎన్నో ఏళ్ళుగా కిరాయికుంటున్న అండాలమ్మ, ఆ సాయంత్రం ఇంటావిడ ముందుగదిలో కూర్చుని ప్రయాణానికి సంచీ సర్దుకుంటోంది. ఆమె పెట్టినది పెట్టినట్టే ఇందిరాదేవి బయటికి తీస్తోంది.

"మళ్ళ తీసినవా? ఇప్పుడే గద పెట్టిన."

"ఈ చీరేంటి? ఈ రంగు నీ దగ్గరెప్పుడూ చూళ్ళేదే."

"యాత్రకు తీస్కపోతున్నది గద, యాదలక్ష్మి ఇచ్చింది. బస్సుల అందరికి ఒక్కతీరు చీరెలు. తప్పిపోకుండ."

"అందరూ ఒకే రంగు కడితే ఇంకా బాగా తప్పిపోతారు. నువ్వెవరో, ఆవిడెవరో ఎలా తెలుస్తుంది?"

"మొకం ఉంటది గదక్కా."

"సరేలే, అడుగున పెట్టు. పైన నా శాలువా పెడుతున్నా."

"శాలువా యాదలక్ష్మి తెస్తనన్నది."

"ఆవిడ తెస్తే ఆవిడ కప్పుకుంటుంది. ఇది పెట్టుకో."

"సంచి నిండింది."

"అయితే ఆ సీసా తియ్యి."

"నీళ్ళ సీసా అక్కా అది. యాద..."

"తెలుసు. ఎవరిచ్చారో చెప్పక్కర్లేదు. ఒక్కమాట అడుగుతా, కోపం తెచ్చుకోవుగా?"

"నువ్వడిగేది నాకు ఎర్కనే. ఎందుకు పోతున్నవంటవ్."

"ఎందుకు వెళ్తున్నావు?"

"ఆయన పిలిచిండు."

"ఏ ఆయన?"

"ఏ ఆయనేంది? శివుడు. ఆయన పిలవంది అరుణాచలం ఎవ్వరు పోలేరంట."

"ఓహో. నేనింకా మీ లింగస్వామేమో అనుకున్నా."

"నా మొగడు పిలిస్తె నేనెన్నడు పలికిన?"

"మరి ఈయనెలా పిలిచాడు? ఫోన్ చేశాడా?"

"యాదలక్ష్మితోని చెప్పి పంపిండు."

"అదీ, అలా చెప్పు. పిలిచింది యాదలక్ష్మి. పేరు మాత్రం ఆయనది."

"ఆయనొచ్చి తలుపు కొడతడా? ఎవరో ఒకరి నోట అనిపిస్తడు."

"నేను వద్దంటున్నాగా, పోయిన పౌర్ణమి నించీ. నా నోట ఎవరు అనిపిస్తున్నట్టు?"

"నీ నోట నువ్వే అంటున్నవ్."

"చూశావా. వెళ్ళమంటే దేవుడు, వద్దంటే ఇందిర. నీ మోకాళ్ళ నెప్పి తగ్గితే ఆయన దయ, తగ్గకపోతే నీ కర్మ. బొమ్మ పడినా బొరుసు పడినా ఆయనే గెలిచే ఆట నేనాడను."

"నిన్నెవరు ఆడమన్నరు? కూసోని చూడు."

"లేడని మాత్రం అనను, అది గుర్తుపెట్టుకో. ఉన్నాడనీ అనను. తెలీదంటాను. తెలీనిదాన్ని తెలీదనడంలో తప్పేముంది?"

"తెలీదంటవ్, మరి శుక్కురారం గడపకు పసుపెందుకు రాస్తవ్?"

"చీమలు రాకుండా."

"చీమలకు శుక్కురారం ఎర్కనా?"

"వారానికోసారి రాస్తే చాలు. ఏదో ఒక వారం పెట్టుకోవాలిగా."

"పొద్దుమీకి దీపం?"

"కరెంటు పోతుంటుంది."

"దేవుని పటం ముంగట్నే పోతదా కరెంటు?"

"నవ్వకు. నువ్వు మాత్రం చూశావా ఆయన్ని?"

"మన కొత్తపేట కాడ మెట్రో ఎక్కుతవ్ గద. నడిపెటోన్ని చూసినవా?"

"చూడాలంటే చూడొచ్చు. ముందు పెట్టెలోకి తొంగిచూస్తే కనిపిస్తాడు."

"నేను గందుకే పోతున్న. ముంగటి డబ్బల తొంగి చూడనీకి."

"ఇలాంటి మాటలు ఎవరు నేర్పుతున్నారే నీకు? ఆవిడేనా?"

"ఆమెకేడ ఒస్తయి ఇసోంటి మాటలు. ఇన్నేండ్లు నీ దగ్గర కూసోని నేర్చినయే."

"ఆ నూనె సీసా నిలబెట్టి పెట్టు, కారుతుంది. మంగళవారాలు మనం కర్మన్‌ఘాట్ గుడికి వెళ్ళేవాళ్ళం, గుర్తుందా?"

"మొన్న గూడ పోయినం గద."

"పోయాం. ముగ్గురం. నువ్వూ ఆవిడా లోపల ప్రదక్షిణాలు. నేను బయట చెప్పుల దగ్గర."

"లోపలికి రానని నువ్వే గద అంటవ్."

"రాను. రానని తెలిసే, ఇదివరకు నువ్వు గబగబా తిరిగి వచ్చేసేదానివి. బయట ఇందిరక్క ఒక్కతే కూర్చుందని. ఇప్పుడు పక్కన ఆవిడుంది. నా చేతికొచ్చేసరికి ప్రసాదం చల్లారిపోతోంది."

"ప్రసాదం చల్లగైందని దేవుని మీద కోపమా?"

"దేవుడి మీద కోపం రావాలంటే ముందు ఆయన ఉన్నాడని తేలాలి."

"యాదలక్ష్మి ఉన్నది గద."

"ఉంది. అందులో సందేహం లేదు."

"ఆమె మంచిదక్కా. నువ్వు సక్కగ మాట్లాడి చూడు ఒకపారి."

"అక్కడ కొండ చుట్టూ చెప్పుల్లేకుండా తిరుగుతారటగా?"

"అవు. వట్టి కాళ్ళతోనే."

"చెప్పులే లేనిచోట నాతో ఏం పనిలే."

"అక్కా..."

"ఏం లేదు. మందులు ఏ జేబులో పెట్టావు? అదిగో, ఫోన్ మోగుతోంది, తియ్యి. ఆవిడే అయ్యుంటుంది."

"ఆఁ, చెప్పు యాదక్కా. ఆఁ. ఎల్బీనగర్ కాడ్నే ఎక్కుత. సాయి ఆటోల దింపుతడు. ఆఁ, ఆఁ. గట్లనే అంట. మర్చిపోను. ఉంట మరి."

"యాదక్కా?"

"నా కంటె పెద్దది గద."

"నన్ను అమ్మా అమ్మా అని, అక్కా అనడానికి నీకు పదేళ్ళు పట్టింది."

"నువ్వు ఇంటి ఓనరువి. భయముండె."

"ఏం మర్చిపోనన్నావు ఆవిడతో?"

"ఏం లే. గడప దాటి ఎల్లేటప్పుడు పోతున్న అనొద్దంట. పోయొస్త అనాల్నంట. కార్తీక పున్నానికి పోతూ గా మాట మంచిది గాదంట."

"ఈ ముక్క నేను నీకు ఎప్పుడు చెప్పాను? నువ్వీ ఇంట్లో దిగిన కొత్తలోనే చెప్పాను. గడప దాటుతూ పోతున్నా ఏంటి, వెళ్ళొస్తా అను, అన్నాను. విన్నావా?"

"మా దిక్కు గట్లనే అంటం. నోరు తిరగలే."

"ఆవిడ చెప్తే తిరిగింది."

"నువ్వు గూడ తర్వాత చెప్పుడు బంద్ జేసినవ్ గద. మీ సారు పోయినంక..."

"ఊఁ."

"అనొద్దుండె. తప్పైందక్కా."

"తప్పేముంది? వెళ్ళినవాణ్ణి వెళ్ళాడనే అనాలి. ఆ దువ్వెన ఇలా ఇవ్వు, పక్క జేబులో పెడతా."

"అక్కా, ఒక సీటు ఖాళీ ఉన్నది. ఒకామెకు జొరమొచ్చి ఆగిపోయింది. నువ్వొస్తవా?"

"పాలవాడికి చెప్పలేదు."

"ఫోన్ జేస్తె అయితది."

"రేపు గ్యాస్ బండ వస్తుంది."

"లింగస్వామి తీస్కుంటడు. ఇంట్లనే పడుంటడు గద."

"నా మోకాళ్ళు."

"నాయి ఏమన్న కొత్తవా?"

"నేను రాను అండాలూ."

"ఆయన కండ్లబడతడనే గద."

"ఏ ఆయన?"

"నువ్వే చెప్పు. శివుడా, సారా?"

"ఉంటే ఇద్దరూ అక్కడే ఉన్నారు."

"ఇంత కోపం కడుపుల పెట్టుకోని ఎట్ల ఉన్నవక్కా ఇన్నేండ్లు?"

"కోపం కాదే. ఇంకో ఆడది తీసుకుపోయి ఉంటే, వెళ్ళి జుట్టు పట్టుకుని అడిగేదాన్ని. కొండని ఏం పట్టుకుని అడగను?"

"అయ్యో."

"దేవుడు లేడని రాసిన పుస్తకాలు నేనూ చదివాను. బాగానే రాశారు. కానీ ఒప్పుకోబుద్ధి కాలేదు. లేనివాడి కోసం నన్నొదిలి వెళ్ళాడంటే నాకెంత చిన్నతనం? పోనీ ఉన్నాడనుకుందామా అంటే, అన్నీ ఉన్న అంతటివాడికి నా ఒక్క మొగుడే కావాల్సొచ్చాడా? అదీ మింగుడుపడదు. అందుకే తెలీదంటాను. అలా అనుకుంటేనే నాకు నాలుగు మెతుకులు లోపలికి వెళ్తాయి."

"నీ బొట్టు గూడ అందుకేనా?"

"ఆఁ. బతికున్నాడో లేడో తెలీదు. తెలీదు కనకే పెట్టుకుంటున్నా."

"నేను చూసొస్తక్కా. తొవ్వ పొడుగున సాధువులు కూసుంటరంట. ఒక్కొక్కరి మొకం చూసుకుంట పోత. సారు మొకం నాకు యాదికున్నది."

"వద్దు."

"గడ్డం పెరిగినా గుర్తువడత. కుడి కణత కాడ మచ్చుంటది..."

"వద్దంటున్నానా. చూస్తే ఉన్నాడనో లేడనో వచ్చి చెప్తావు. నాకేం చెప్పొద్దు. నీ కాళ్ళు చూసుకుంటూ నడువు. నడిచి, వచ్చెయ్యి."

"ఒస్త."

"సోమవారానికి వచ్చేస్తావుగా?"

"సోమారం... యాదక్క ఏమంటదంటె, ఆడొక ఆశ్రమమున్నదంట. వంటకు మనుషులు గావాల్నంట. మనసుకు నచ్చితె పది రోజులు ఉండి ఒద్దామన్నది."

"ఆయనా అదే అన్నాడు. నచ్చితే పది రోజులు ఉంటానని."

"నేను ఉండనక్కా. సోమారం ఒస్త."

"నచ్చితే?"

"నచ్చినా ఒస్త."

"నచ్చాక రావడం మన చేతిలో ఉండదు అండాలూ. ఆవిడ చేతిలో ఉంటుందో, ఆ కొండ చేతిలో ఉంటుందో."

"మంగళారం నిన్ను కర్మన్‌ఘాట్ ఎవరు తీస్కపోతరు మరి? నేనే గద."

"నాకేం గుడి? నేను చెప్పుల దగ్గర కూర్చునేదాన్ని."

"గా చెప్పులు నాయే గద. ఎవరి చెప్పులు కాస్తవ్ నేను రాకపోతె?"

వీధిలో ఆటో వచ్చి ఆగిన చప్పుడు ముందు ఇందిరాదేవికే వినిపించింది. చెప్పలేదు. సంచీ జిప్పు మళ్ళీ తెరిచి, శాలువా మడత విప్పి మళ్ళీ మడత పెట్టింది.

"ఆటో ఒచ్చినట్టున్నదక్కా."

"రాలేదు."

"సప్పుడైంది."

"పక్కింటికి."

"మన సాయి హారనే అది. ఎర్కలేదా నాకు, నా కొడుకు హారను?"

"తొంగిచూడకుండానే తెలిసిపోయిందా?"

"కొన్ని గట్ల తెలుస్తయి. సంచి ఇయ్యి."

"బరువుగా ఉంది. ఆ సీసా తీసెయ్యనా?"

"ఉండనియ్యక్కా పాపం. నీ శాలువా గూడ ఉన్నది గద లోపల. రెండు ఉండనీ."

"చలేస్తే నాదే కప్పుకో."

"నీదే కప్పుకుంట. ఇగ టైమైంది. పోయొస్తనక్కా."

"ఆ మాట అనకు."

"ఏ మాట?"

"ఇప్పుడన్నావే, అది. ఎప్పుడూ అనేదే అను."

"పోతున్న అనాల్నా? పున్నం పూట, దేవుని కాడికి పోతూ? నువ్వే గద తిట్టినవ్ అప్పుడు."

"తిట్టాను. ఇప్పుడు చెప్తున్నా, అను. ఇన్నేళ్ళూ పోతున్నా అనే ఈ గడప దాటావు. కూరగాయలకి వెళ్ళావు, మీ ఊరెళ్ళావు, కడుపు కోయించుకోవడానికి దవాఖానాకి వెళ్ళావు. ప్రతిసారీ తిరిగొచ్చావు."

"దేవుని నమ్మవు గని, మాటను నమ్ముతవా?"

"మాటనీ నమ్మను. కానీ కళ్ళారా చూసినదాన్ని కాదని ఎలా అనను?"

"ఏం జూసినవ్?"

"ఆయన వెళ్ళడం చూశాను."

"ఆయన, ఆయన అనకక్కా. ఏ ఆయనో జర పేరు పెట్టి చెప్పు ఇయ్యాలన్న."

"పట్టాభి. ఇదే గడపలో నిలబడి, వెళ్ళొస్తా ఇందిరా, అనే వెళ్ళాడు. రెండువేల నాలుగు, కార్తీక పౌర్ణమికి ముందురోజు. రాలేదు."