ఒకే ఊరని రాసెయ్

తిమ్మన్‌పట్టిలో తలుపు తెరిచి ఉన్న ఇళ్లు మూడే. రెండింటి లెక్క ముగించుకుని, వాన కాస్త తెరిపిచ్చిన మధ్యాహ్నం, కాలనీ బడిలో పాఠాలు చెప్పే వాసుకి మూడో ఇంటి వాకిట్లో గొడుగు ముడవకుండానే నిలబడింది. అది రంగసామి నాయుడి ఇల్లు. వాసుకి పుట్టింది పక్కనే ఉన్న కాలనీలో. ఈ తిన్నె ఎక్కి కూర్చున్న మనిషి ఆమె వంశంలో ఇంతవరకూ లేడు, కూర్చోమన్న మనిషి ఆయన వంశంలోనూ లేడు.

"మళ్లీ మొదట్నించి చెప్పండయ్యా. రెండు ఊళ్లూ ఒకటని రాయాలనా?"

"అదే చెప్తా ఉండా. తిమ్మన్‌పట్టి వేరే, మీ కాలనీ వేరే అని ఏమిటికి? మధ్యలో ఉండేది ఒక్క చేను. ఆడ కోడి కూస్తే ఈడ వినపడుతుంది. ఒకే ఊరని రాసెయ్."

"తాగేనీళ్ల స్కీముకి ఊళ్ల కణక్కు ఎత్తమని పంపినారు నన్ను. ఊర్లో ఎన్ని ఇళ్లు, ఇంట్లో ఎంతమంది, అంతే. ఊళ్లు కలిపేదానికి గాదు."

"టీచరు నువ్వు. రాసేది నీ చెయ్యి. నువ్వు రాస్తే ఎవరు వద్దంటారు?"

"మూడిళ్లకి ట్యాంకి రాదయ్యా. ఇరవై ఇళ్లన్నా ఉండాల."

"అందుకే గదా కలపమనేది. మీ కాలనీలో అరవై ఇళ్లుండాయి."

"కలిపితే ట్యాంకి యాడ కడతారు?"

"యాడో ఒకచోట కట్టనీ. మీ కాలనీలోనే కట్టనీ. నాకి నీళ్లు గాదు."

"మరేంది?"

"ఊరు. ఊరు నిలవాల. నువ్వు మూడిళ్లని రాస్తే, వచ్చే కణక్కుకి ఇది మనిషి లేని ఊరైపోతుంది. అట్ల ఎన్ని పోలే? ఒట్టపిడారం పక్క పోయి చూడు. పేరుండాది, బోర్డుండాది, మొరిగేదానికి కుక్క లేదు."

"నా చిన్నప్పుడు ఈ వీధి నిండా మనుషులే."

"నువ్వెప్పుడు చూస్తివి ఈ వీధిని?"

"దూరం నించి. మా అమ్మ మీ కొట్టంలో పేడ ఎత్తేదానికి వస్తే, నన్ను ఆ కొసన నిలబెట్టి వచ్చేది. గీత గీసి, దీన్ని దాటొద్దనేది."

"మీ అమ్మ మంచిది. సామీ అనకుండా నోరు తెరిచేది గాదు."

"మా అమ్మ సామీ అనె. నేను అయ్యా అంటా ఉండా. చాలదా?"

"చాలు, చాలు. దానికి చెప్పలే."

"బీగం వేసిన ఇళ్లు గూడ అడగాల. ఈ పక్కిల్లు ఎవరిది?"

"కన్నన్‌ది. కోవిల్‌పట్టిలో కడలమిఠాయి అంగడి పెట్టుకునె. ఇంక రాడు. బీగం తుప్పు పట్టె."

"ఎదురిల్లు?"

"తిరుప్పూరు. బనీను కంపెనీ."

"ఆ మూలది?"

"పడిపోయిన గోడల్ని గూడ అడగతావా? పోయినారమ్మా, అందరూ పోయినారు. బడి మూసిన ఏడు కొందరు, మినీ బస్సు నిలిపిన ఏడు కొందరు. చేలన్నీ సోలార్ కంపెనీకి రాసిచ్చి మిగిలినోళ్లు. కంచె వచ్చి ఈ వీధి కొస దాకా నిలిచె. పీనుగుల్ని మోసుకుపోయే సుడుగాటి వంతెన గూడ కంచెలోపలే చిక్కిపోయె. దానికి బదులు కంపెనీ వాడు కొత్త వంతెన మీ కాలనీ వీధి చివర కట్టె."

"మీరు గూడ రాసిచ్చినారు గదా."

"అందరూ ఇచ్చేస్తే నేనొక్కణ్ణే రేగడి నాకుతా కూర్చుండేదా?"

"సరి. అళగర్‌సామి అయ్యని చూసి వస్తిని. కాలు తీసేసినారంట."

"చక్కెర జబ్బు. మోకాలి దాకా తీసినారు. మంచం దిగలేడు."

"కుప్పమ్మాళ్ అవ్వ ఒక్కతే ఉండాది."

"దానికి రెండు కళ్లూ పోయె. చేతికర్రకే దోవ తెలుసు."

"అయితే ఈ ఊర్లో లేచి నడిచే మగాడు..."

"నేనే."

"ఇంక మీ ఇంటి కణక్కుకి వస్తాం. ఇంట్లో ఎంతమంది?"

"ఇద్దరం."

"మీరు, తాయమ్మాళ్ అమ్మ."

"ఊ."

"అమ్మని పిలవండి. మనిషిని చూసి రాయాల."

"పండుకోనుండాది."

"ఇంత పొద్దెక్కినాకా?"

"ఒళ్లు బాగలే. వాన గదా. లేపగూడదు."

"నేనే లోపలికి పోయి ఒక్క చూపు చూసి..."

"వద్దు."

"లేపనయ్యా. తలుపు కాడ నించే..."

"వద్దన్నా గదా. ఆడే నిలబడు. తిన్నె ఎక్కొద్దు."

"సరి."

"కోపం తెచ్చుకోవద్దమ్మా."

"కోపమేంది, అలవాటే గదా. పొద్దున్నించి తిరగతా ఉండా, ఒక చెంబు నీళ్లన్నా ఇయ్యండి."

"నీళ్లా."

"నా బాటిల్లో పోయండి చాలు. మీ చెంబు ముట్టను."

"ఇయ్యలేనమ్మా."

"ఇయ్యలేరా?"

"ఇయ్యగూడదు."

"ఇయ్యగూడదు. మీ చెవికి వినపడిందా మీరన్న మాట? ఊళ్లు ఒకటి కావాల, నీళ్లు మాత్రం ఇయ్యగూడదు."

"అది గాదు..."

"తాయమ్మాళ్ అమ్మ లేచుంటే పోసేది. మా అమ్మకి దొడ్డి పక్క నించి కమ్మంగంజి పోసేది. మీకు తెలీకుండా."

"పోసేది. నాకి తెలీదని అనుకునేది, పిచ్చిది."

"తెలిసీ ఊరకుంటిరే, అంతవరకు పుణ్యం. ముందొకసారి ట్యాంకి వచ్చినప్పుడు ఊళ్లు వేరని రాయించింది ఎవరయ్యా? కాలనీకి గాంధీనగర్ అని పేరు పెట్టించి, బోర్డు గూడ నాటిస్తిరి. మనకి గూడ ఒక పేరు వచ్చెనని మా అవ్వ ఆ బోర్డుకి పసుపు పూసె. పేరు వేరైతే ఊరు వేరు, ఊరు వేరైతే ట్యాంకి మీది. అంతే గదా?"

"ఆ కాలం అట్లాంటిది."

"కాలానికి కాళ్లూ చేతులూ ఉండెనా? మీరు గదా పోయి రాయించింది."

"పెద్దోళ్లందరూ కూడి చెప్పిన మాట. నేనొక్కణ్ణి..."

"మా నాయన పోయినప్పుడు గూడ అందరూ కూడే చెప్పినారా?"

"దాన్ని ఇప్పుడు ఎత్తొద్దు."

"ఇప్పుడే ఎత్తతా. సుడుగాడు వాగుకి అవతల. అప్పుడు ఉండేది ఒకే వంతెన, మీ వీధి చివర. మా నాయన సుడలైమాడన్ శవాన్ని ఈ వీధిలో నించి పోనీలే. వేరే ఊరి శవం మా ఊర్లో నించి పోగూడదంటిరి. ఐప్పసి నెల వానలు. పాడె తలల మీద పెట్టుకొని వాగులో దిగినారు మా వాళ్లు."

"ఆ పొద్దు నేను ఊర్లో లేను."

"మా అన్న చిన్నోడు. నిప్పుసట్టి వాడి చేతిలో. నీళ్లలో మునిగిపోతాడని ఎవరో భుజాన ఎత్తుకొని దాటించిరి. ఇప్పటికీ నిద్రలో సట్టి, సట్టి అంటాడు. గట్టు మీద ఒకాయన గొడుగేసుకొని చూస్తా నిలబడుండె అంటాడు. మొగం తెలీలేదంట."

"ఎవరో ఏమో. నేను లేనంటే లేను. మిరపకాయ మూటలేసుకొని విరుదునగరం పోయుంటిని. వచ్చేసరికి అంతా అయిపోయుండె. ఎవరు నిలిపినారో, ఎవరు చూసినారో నాకేం తెలుసు?"

"విరుదునగరం."

"అవును, విరుదునగరం."

"మిరపకాయలకి మంచి రేటు వచ్చెనా?"

"వాసుకీ..."

"నా పేరు తెలుసా మీకు? ఇంతవరకు ఏమే, ఏమ్మా తప్ప వినలే. సరి, నా పని అయిపోయె. మూడిళ్లు, నలుగురు మనుషులు, ఊరు వేరు. వస్తా."

"పోవద్దు."

"వాన మళ్లీ పట్టుకునేటట్టుండాది."

"పోవద్దమ్మా. నీళ్లు ఇయ్యగూడదన్నానే, అది నువ్వనుకున్నదానికి గాదు. పీనుగుండే ఇంట్లో నీళ్లు ఇయ్యగూడదు. అందుకు."

"ఏంది?"

"తిన్నె ఎక్కొద్దన్నదీ అందుకే. మీ ఇంట్లో పసిబిడ్డ ఉండాదంట గదా. మైల తగలగూడదని."

"తాయమ్మాళ్ అమ్మా?"

"రోజూ కోడి కూస్తానే లేచేది. ఈ పొద్దూ కోడి కూసె. అది లేవలే."

"తెల్లారినప్పట్నించీ మీరొక్కరే కూర్చోనుండారా?"

"ఎవర్ని పిలిచేది? కాలు లేనివాణ్ణా, కళ్లు లేనిదాన్నా?"

"బంధువులకి చెప్పలేదా?"

"చెప్పినా. ఫోన్లోనే ఏడ్చినారు. కోవిల్‌పట్టి రోడ్డు మీద నీళ్లెక్కినాయి, బస్సూ రాదు, వ్యానూ రాదు. నీళ్లు దిగినాక వస్తారంట. అంతదాకా పెట్టుకోనుండేదానికి అదేమన్నా ఉప్పుకండమా?"

"ఇంత జరిగితే నేను వచ్చిన వెంటనే ఒక మాట చెప్పకుండా, ఊరని, కణక్కని..."

"కణక్కే గదా ముఖ్యం. పాడెకి నలుగురు కావాల. ఊరోళ్లే పట్టాల. వేరే ఊరోళ్లు పాడె పట్టేది మాలో లేదు. మా తాత కాలం నించీ లేదు. ఊర్లో నేనొక్కణ్ణి. బిడ్డల్లేరు. నిప్పుసట్టి పట్టుకొని నేను ముందు నడవాల. వెనక ఎవరు?"

"అందుకని ఊళ్లు కలపమంటిరా?"

"నువ్వు ఒకటని రాస్తే మీ వాళ్లు ఊరోళ్లవుతారు. అప్పుడు పట్టొచ్చు, తప్పు లేదు. మా వాళ్లు వచ్చి అడిగినా జవాబు చెప్పొచ్చు."

"నేను రాస్తే అట్ల అయిపోతుందా అయ్యా?"

"గవర్నమెంటు రాత గదా. వేరని రాస్తే వేరైపోతిమి. ఒకటని రాస్తే ఒకటి కామా?"

"అమ్మని చూడనిస్తారా?"

"చూడు. లోపలికే పో. నువ్వే మైల లేదంటే నేనేం వద్దంటా? కొప్పు ఊడిపోయుండాది. నాకి ముడి వేసేది తెలీలే."

వాసుకి గొడుగు ముడిచి లోపలికి పోయి వచ్చింది.

"కొప్పు ముడిచినా. దవడకి గుడ్డ కట్టినా. తలకాడ దీపం పెట్టినా. అవి గూడ చెయ్యలే మీరు."

"తెలీదమ్మా. అవన్నీ ఆడోళ్లు చేసేది. చేసే ఆడోళ్లు లేరు."

"అయ్యా, మా కాలనీలో ఒక కట్టుబాటుండాది. మా నాయన పోయినాక పెట్టిన కట్టు. మీ ఊరి చావుకి తప్పెట కొట్టేది లేదు, గుంత తవ్వేది లేదు."

"తెలుసు. తప్పెటకి గాదు. భుజానికి అడగతా ఉండా."

"భుజానికి ఇంతవరకు ఎవరూ అడగలే."

"అడగలే. నేను అడగతా ఉండా."

"ఉండండి. అన్నకి ఫోన్ చేస్తా... అన్నా. తిమ్మన్‌పట్టిలో ఉండా. రంగసామి నాయుడయ్య ఇంటికాడ. తాయమ్మాళ్ అమ్మ పోయింది. తెల్లారి. లేదు, తప్పెటకి గాదు. పాడెకి. నలుగురు. ఆయనే అడిగినాడు. నా ముందరే నిలబడుండాడు. అవును, నోరు తెరిచే అడిగినాడు. పెద్దోళ్లని అడిగి చెప్పు, పెట్టను, లైన్లోనే ఉంటా... ఆ, చెప్పన్నా. అట్లనా. అట్ల వద్దన్నా, ఆయన వయసు చూడు. అమ్మ గంజి పోసింది గదా మనకి. సరి. సరి, చెప్తా."

"ఏమంటాడు?"

"వస్తారంట. నలుగురు గాదు, ఆరుగురు. మార్చి మార్చి పట్టేదానికి."

"తాయమ్మా, విన్నావా."

"ఇంకొక మాట ఉండాది. ఏ దోవన అని అడిగినాడు."

"పాత వంతెన కంచెలో చిక్కిపోయె గదా. ఇంక మీ వీధిలో నించే పోయి, కొత్త వంతెన దాటి..."

"అదే వద్దంటారు. వేరే ఊరి శవం మా ఊర్లో నించి పోగూడదంట. ఆ పొద్దు మీ ఊరు చెప్పిన మాటే. ఒక్క మాట మారలే."

"ఊ."

"నేను చెప్పి చూస్తినయ్యా. మీరు గూడ విన్నారు గదా. వినలే. వాగులో దిగి పోదామంటాడు. మోసేది మేమే, మేమూ తడుస్తాం, ఆయనొక్కణ్ణే తడవమనలే అంటాడు."

"న్యాయమే."

"న్యాయమా? మొన్నటి వానకి వాగు నిండి పోతా ఉండాది. సట్టి పట్టుకొని ముందు దిగాల్సింది మీరు. రొమ్ముల దాకా వస్తాయంట నీళ్లు. వద్దంటే చెప్పండి, నేనే పోయి వాళ్ల కాళ్లు పట్టుకుంటా."

"వద్దు. దిగతా. రొమ్ముల దాకా గాదమ్మా, నడిమధ్యలో గొంతు దాకా వస్తాయి. మీ అన్నని ఎత్తుకొని దాటినోడికి గొంతు దాకా వచ్చె. గట్టు మీద నిలబడి చూస్తిని గదా."