మేక చచ్చిన మందు

గొంతులో క్యాన్సర్ గడ్డ పెట్టుకుని, ఆసుపత్రిలో సూది మందు వద్దని మొండికేశాడు మా బావ.

"బావా, ఈ మందు కనిపెట్టింది నేనే."

"నువ్వా? తలనొప్పి మాత్ర పేరే గుర్తుండదు కదరా నీకు!"

"సరే, నా మనవరాలు. నేను ఈ మందు తీసిన ఆకుల సంచి మోశాను."

"ఆకైతే పచ్చిగానే నమిలేస్తా. సహజమైనదే మంచిది."

"తేలూ సహజమే బావా. పచ్చి ఆకు గడ్డతోపాటు గుండెనూ దెబ్బతీస్తుంది. అందుకే అందులోని సారం తీసి, గుండెకు పడని భాగాన్ని మార్చారు."

"దేవుడి చేతిరాతకు నీ మనవరాలి దిద్దుబాట్లా?"

"దిద్దనిది తిని మా మేక సాయంత్రానికే చచ్చింది."

బావ నర్సుకు చెయ్యి చాచాడు. మందు సగం ఎక్కాక అడిగాడు.

"మీకు మేకెప్పుడుందిరా?"

"ఆకు సంగతి నిజం బావా. మేక మాత్రం ఈ గదిలోనే పుట్టి, ఈ గదిలోనే పోయింది."