రెండు చాలు అన్నవాడు

మా మడచెట్ల సంఘానికి మాకుంబా న్జాయ్ ఆరేళ్లుగా అధ్యక్షుడు. మూడేళ్లకోసారి ఎన్నిక, ఒకరు రెండుసార్లే ఉండాలని నిబంధనల పుస్తకంలో ఉంది. ఆ రెండూ రేపటితో సరి. ఆయన మాత్రం రేపటి సర్వసభ్య సమావేశానికి పాదాల దాకా జారే కొత్త బూబూ అంగీ కుట్టించుకున్నాడు. లేత నీలం, ఛాతీ నిండా జరీ. దిగిపోయేవాడికి అంత జరీ ఎందుకని ఊరంతా అడిగింది, ఆయన లేనప్పుడు.

కార్యదర్శి ఖారీ జోప్‌కి అదే దిగులు. ఆయన మూడోసారి కూర్చున్నాడంటే ఇక ఆ పుస్తకం వేరుశెనగల పొట్లాలకి తప్ప పనికిరాదు. కానీ పెద్దాయన మొహం మీద చెప్పేదెవరు?

సాయంత్రం నమాజు అయ్యాక న్గోర్ ఫాయ్ తన పడవ నీడలో బొగ్గుల మీద మాకుంబాకీ ఖారీకీ టీ పెట్టాడు. మా దగ్గర టీ అంటే మూడు గ్లాసులు, ఒకదాన్ని మించి ఒకటి తీపి. మొదటి గ్లాసు, చేదుది, చేతికి రాగానే మాకుంబా కథ అందుకున్నాడు.

"డాకర్‌లో సంఘాల పెద్దలకి శిక్షణ పెట్టారు చూడండి, నేనూ వెళ్లాను, ఏదో ఒక మూల కూర్చున్నాను, గొప్ప చెప్పుకోకూడదు గానీ పన్నెండు దేశాల అధ్యక్షులు వచ్చారు, ఆ మేష్టారు 'ఒక మనిషి ఎన్నిసార్లు కుర్చీలో ఉండొచ్చు?' అన్నాడు, అంతే, అందరూ ఎవరి చెప్పులు వాళ్లు చూసుకుంటున్నారు. నేను లేచి 'రెండు చాలు' అన్నాను."

"లేచావా?" అంది ఖారీ.

"లేచాననే అనుకో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గినీ ఆయన అక్కడికక్కడే రాజీనామా రాసిచ్చాడు. బెనిన్ ఆయన ఉన్నాడు, ముప్పయ్యేళ్ల అధ్యక్షుడు, అనుమానం మనిషి, తన కుర్చీ వెంట తెచ్చుకున్నాడు. పాపం లేద్దామంటే రాదే! కుర్చీకి వేళ్లొచ్చేశాయి, అచ్చం మన మడచెట్టులాగా. నేనే రెండు చేతులా పట్టి పీకాను. ఆ వేళ్లకి బుట్టెడు ఆలిచిప్పలు!"

"ఉడికించారా?" అన్నాడు న్గోర్.

"పచ్చివే తినేశాం, ఆకలి మీద ఉన్నాం."

రెండో గ్లాసు వచ్చేసరికి కథ హాలు దాటింది.

"కిటికీ తీసుంది. బయట గూడబాతులు బారు తీరి పోతున్నాయి. ముందున్నది నా మాట విని, సిగ్గుపడి, వెనక్కి తగ్గి ఇంకోదానికి దారిచ్చింది. ఇప్పటికీ అవి వంతులేసుకునే ఎగురుతాయి, కావాలంటే చూసుకోండి. అది సరే, సముద్రమో? అంతకుముందు ఎక్కిందంటే ఎక్కి కూర్చునేది. ఆ రోజు నుంచీ రోజుకి రెండుసార్లు ఎక్కుతుంది, దిగిపోతుంది. ఎవరు పెట్టిన నియమం అది? ఈ మాకుంబా పెట్టింది!"

ఎదురుగా నీళ్లు బుద్ధిగా దిగిపోతున్నాయి. ఖారీ గ్లాసు కింద పెట్టింది. న్జాయ్‌లకీ జోప్‌లకీ తాతల నాటి వేళాకోళం వరస. ఒకరినొకరు ఎంత మాటన్నా కోపగించుకోవడానికి లేదు.

"ఓరి అన్నం గుండిగా," అంది. "నీ పక్క కుర్చీలో ఉన్నది నేనే. మేష్టారు అడిగేసరికి నువ్వు కునుకు తీస్తున్నావు. టీ ఇచ్చే ఆవిడ భుజం తట్టి, చక్కెర బిళ్లలు ఎన్ని అంది. 'రెండు చాలు' అన్నావు. మేష్టారు దాన్ని బోర్డు మీద రాశాడు. నువ్వు లేచింది చప్పట్ల మోతకి."

న్గోర్ నవ్విన నవ్వుకి టీ సగం బొగ్గుల పాలైంది.

"చక్కెర కోసమే అనుకో, మాట నీదే," అంది ఖారీ. "ఊరికొచ్చి పుస్తకంలో రాయించి, మా అందరిచేతా వేలిముద్రలు వేయించిందీ నువ్వే. గూడబాతు వింది, సముద్రం వింది. రేపు నువ్వు వింటావా?"

కోపం తెచ్చుకుందామంటే అడిగింది జోప్ పిల్ల. మాకుంబా దిగుతున్న నీళ్ల వంక చూశాడు. తర్వాత ఆయన పొట్ట నవ్వుతో మెల్లగా కదలడం మొదలెట్టింది.

"రాసుకోవే, తిండిపోతు జోప్ దానా! మాకుంబా న్జాయ్ ఎవరూ అడక్కుండానే, తనంతట తనే, సముద్రంలాగా దిగిపోయాడని రాసుకో."

"మరి ఆ బూబూ?" అన్నాడు న్గోర్.

"దిగేటప్పుడే కదయ్యా జనం బాగా చూసేది!"

ఖారీ రాసుకుంది. 'ఎవరూ అడక్కుండానే' అన్నది కూడా రాసింది. సముద్రాన్ని ఒక్కదాన్నే వదిలేసింది.

న్గోర్ చివరి గ్లాసు, అన్నిట్లోకీ తియ్యటిది, పెద్దాయన ముందు పెట్టాడు. ఆయన చెయ్యి చాచి, మధ్యలో ఆపి, ఖారీ వంక చూశాడు.

"ఇది మూడోది. తీసుకోవచ్చా?"