ఫోన్ల బుట్ట

నేను దొంగచాటుగా రికార్డు చేసినానా? అట్లని కాయితం రాసిచ్చినాడా మా షావుకారు రాఘవేంద్రప్రసాదు? అబ్బబ్బా, ఏం ధైర్యం మేడమ్ ఆయప్పది! నవ్వొద్దంటే ఎట్లా, నాకు నవ్వే వస్తాండాది.

మీరు ఎస్సై. చట్టం మీకు తెలుసు. నేను దినామూ కమలాపురంలో బస్సెక్కి వచ్చి, కడపలో చీరలు విప్పి చూపించి మళ్ళీ మడతేసేదాన్ని. అయినా ఒకటి అడుగుతా. ఆడోళ్ళం చీర మార్చుకునే గదిలో ఆయప్ప కెమెరా పెడితే అది కాపలా అంట. ఆయప్ప మాటలు నేను ఫోనులో పట్టుకుంటే అది నేరమంట. ఇదేం న్యాయం?

ఇంటి చీరతో అంగట్లో నిలబడకూడదు మేము. వస్తూనే యూనిఫారం చీర కట్టుకోవాల. దానికని స్టాకు వెనక చిన్న గది ఉండాది. అలమర పైన పాత బొమ్మ తలకాయ ఒకటి, ఎప్పుడో షోకేసులో చీర కట్టి నిలబెట్టిన బొమ్మది. దుమ్ము దులుపుదామని ఎత్తితే వెనక వైరు! బొమ్మకు వైరెందుకు మేడమ్?

మేనేజరు శేషన్నను పిలిచి చూపించినా. "చీరలు పోతాండాయి వెంకటలక్ష్మమ్మా, దొంగల్ని పట్టేదానికిలే, నోర్మూసుకో" అన్నాడు. మర్నాడు చూస్తే బొమ్మా లేదు, వైరూ లేదు. అడిగితే "ఏ బొమ్మ?" అంటాడు. నా ఒళ్ళు మండిపోయింది.

ఆఁ, ఫోను సంగతే చెప్పుకొస్తాండా. పొద్దున అంగడి తెరిచేముందు లక్ష్మీదేవి పటానికి హారతిస్తారు. మేమంతా హారతి కండ్లకద్దుకొని, ఎవరి ఫోను వాళ్ళు బుట్టలో ఏసి పనిలోకి పోవాల. పని ఎగ్గొడతామని ఆయప్ప పెట్టిన రూలే! ఆ బుట్ట యాడుంటుంది? ఆయప్ప గదిలో, కుర్చీ పక్కనే. నేను ఫోనులో రికార్డింగు నొక్కి, హారతి కండ్లకద్దుకొని, బుట్టలో ఏసినా. అంతే. ఆయప్ప గదిలోకి దూరినానా? తలుపు సందులో చెవి పెట్టినానా?

ఇంటికి పోతా బస్సులో విన్నా. ఇద్దరూ నవ్వుకుంటాండారు. "ఆ హిమబిందుది మళ్ళీ పెట్టు శేషన్నా" అంటాండాడు షావుకారు. పట్టుచీరల కాడ నాతో నిలబడే పిల్ల మేడమ్, నా బిడ్డంత ఉంటుంది.

ఏమంటిరి? నేను లేని చోట ఇద్దరు మాట్లాడుకునేది పట్టకూడదా? నాతో మాట్లాడినదైతే వేరే, ఇది వాళ్ళ సొంత మాటలా? శానా బాగుండాది! మా ఒంటి గురించి మాట్లాడుకుంటాంటే, ఆ మాటల్లో మేం లేకుండా ఎట్లుంటాం?

మొదట మీ కాడికే రావాల్సింది. నిజమే. రాలేదు. ఈడికొస్తే ఏమవుతుంది? తెలిసినోళ్ళతో ఫోను చేయిస్తాడు, మీ ముందర కుర్చీలో కూచొని కాఫీ తాగి పోతాడు. కోప్పడొద్దు, ఉన్న మాట. నాకది చాలదు మేడమ్. ఆయప్ప మొగం మాడాల. అది నేను చూడాల.

పెండ్లి బట్టలకు జనం కిటకిటలాడతాండారు ఆ పొద్దు. ఆఫర్లు చెప్పే మైకు ఉంటుంది కదా, బుట్టలో ఏయకుండా కొంగులో దాచుకున్న ఫోను దాని కాడ పెట్టి నొక్కినా. కింద నుంచి పై అంతస్తు దాకా వినపడింది. ఆయప్ప పెండ్లాం కౌంటర్లోనే ఉండాది. ఆయప్ప మెట్ల మీద పరిగెత్తుకుంటా వస్తా కూలబడినాడు. ఆ మొగం చూస్తే నాకెంత సల్లగుండిందో! ఇప్పటికీ తలుచుకుంటే సల్లగుంటుంది.

ఏంది మేడమ్? ఆ పిల్ల పేరు కోసేసి వినిపించి ఉండొచ్చు కదా అంటారా?

కోస్తే కోర్టులో చెల్లదని...

కాదులే. మీ ముందర అబద్ధమెందుకు? అది నిన్న లాయరు చెప్పిన ముక్క. ఆ పొద్దు నాకు తెలీదు.

ముందురోజే ఆ పిల్లకు వినిపించినా. నా కాళ్ళు పట్టుకునింది. "వద్దత్తా, నా పేరుండాది, ఇంట్లో తెలిస్తే నన్ను బతకనియ్యరు" అని ఏడ్చింది. సరేలేమ్మా, ఎవరికీ వినిపించనులే అన్నా. అని, తెల్లారి మైకు కాడ పెట్టినా.

మర్చిపోయి కాదు. ఆ పిల్ల పట్టుచీరల కాడ నిలబడి నా తట్టే చూస్తాండాది. వద్దని చెయ్యి ఊపింది కూడా. ఆయప్ప మొగం ఇంకొంచెం మాడనీ అని నేనే ఆపలేదు.

అప్పటి నుంచి ఆ పిల్ల పనికి రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు.

పోండి మేడమ్, పోయి మొదట ఆయప్ప కంప్యూటర్ పట్టుకోండి, అన్నీ తుడిపేస్తాడు. కేసు ఆయప్ప మీద రాయండి. నా మీదా రాయాల్నంటే రాయొచ్చు, నేను వద్దనను. కానీ అది ఆ పిల్లొచ్చి చెప్పాల. ఆయప్ప కాదు.