మేకుకి వేలాడే తీగ

ఆ మేకుకున్నది కాదమ్మాయ్, అది ముట్టుకోకు. కొత్త రాగి తీగ చుట్ట ఆ డబ్బాలో ఉంది. అయినా మొన్న కొన్నావు బోన్సాయ్, అప్పుడే తీగ చుట్టి వంపులు తిప్పేస్తావా? బాగుంది. కొత్తవాళ్లందరిదీ ఒకటే రోగం, నీళ్లు పొయ్యడం రాదు గానీ పనితనం చూపించెయ్యాలి. పైగా తెల్లారీ తెల్లారకముందే పరిగెత్తుకొచ్చావు. కూర్చో. ఏమిటీ, ఆ తీగెవరిదా? ఇసోగై గారిది. నువ్వు పుట్టకముందే పోయాడులే మహానుభావుడు. తకమత్సు రేవులో ఫెర్రీ టికెట్లకి చిల్లులు పొడిచే ఉద్యోగం. ముప్ఫై నాలుగేళ్లు పొడిచాడు. వాళ్లావిడ తొమియె గారు మాత్రం బోన్సాయ్‌లు పెంచే మా కినాషి ఊరి పిల్ల, పైన్ చెట్టు ముందు కూర్చుందంటే మా నాన్న కూడా నోరెత్తేవాడు కాదు. ఆవిడ ఓ ఫిబ్రవరిలో ఈ చెట్టుకే, ఇదిగో నీ మోచేతి దగ్గరున్నదానికే, ఎడంపక్క కొమ్మకి రాగి తీగ చుట్టింది. ఏప్రిల్లో గుండె ఆగి పోయింది. చెట్టు ఈయన నెత్తిన పడింది. అంతకుముందు దానికి చెంబెడు నీళ్లు పోసిన పాపాన పోలేదు.

ఏం చేశాడనుకున్నావు? తీసుకెళ్లి ఇంట్లో టీవీ పక్కన పెట్టాడు! "చలికి తట్టుకుంటుందో లేదో అనీ..." "అవునండీ, పైన్ చెట్టు కదా, పడిశం పడుతుంది. దుప్పటి కూడా కప్పారా?" అన్నాను. సరే, బయట పెట్టాడు. జూన్‌లో అటు వెళ్తుంటే, కుండపోత వానలో గొడుగేసుకుని నిలబడి మరీ చెట్టుకి నీళ్లు పోస్తున్నాడమ్మాయ్! "ఇదేమిటండీ?" అంటే, "పొద్దున్న ఏడింటికి పొయ్యమని మీరేగా చెప్పారు?" అంటాడు. ఫెర్రీ మనిషి కదా, ఏడంటే ఏడే. ఉడోన్ సేమ్యాలమ్మే కొట్లో ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో, జనం తినే గిన్నెలు పక్కన పెట్టి నవ్వేవాళ్లు.

అక్టోబరుకి కొమ్మ లావెక్కింది, తీగ బెరడులోకి దిగిపోతోంది. తియ్యకపోతే కొమ్మ దక్కదన్నాను. మొహం పాలిపోయింది పాపం. "అది తొమియె చుట్టిందండీ. ఆవిడ చేత్తో చేసిన ఆఖరి పని." "కొమ్మ కూడా ఆవిడదేగా, దాన్నీ చంపుకుంటారా?" అన్నాను. రెండు వారాలు కనబడలేదు. తర్వాత ఓ ఆదివారం, ఒసాకా నుంచి చెట్లు కొనడానికొచ్చిన పెద్దమనుషులతో ఈ మా తోటంతా కిటకిటలాడుతుంటే, టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. "తీగ ఎలా తియ్యాలండీ?"

నువ్వూ విను. తీగని ఎప్పుడూ విప్పకూడదు. చుట్టు చుట్టుకీ ప్లయర్‌తో కత్తిరించి ముక్కలు ముక్కలుగా రాల్చాలి. విప్పబోతే కొమ్మ మెలిపడి విరుగుతుంది. మా ఊళ్లో బడిపిల్లలకి కూడా తెలుసు. అంత చిన్న మాట. చెబితే నా సొమ్మేం పోయింది? కానీ అంతమంది ముందు నాకు హుషారొచ్చింది. "చొక్కా బొత్తాలు ఎలా విప్పుకుంటారండీ ఇసోగై గారూ? అలాగే, మెల్లగా విప్పండి!" అన్నాను. అందరూ ఘొల్లుమన్నారు. ఆయనా నవ్వాడు. వంగి నమస్కారం పెట్టి వెళ్లాడు.

మర్నాడు కొమ్మని తువ్వాల్లో చుట్టి తెచ్చాడమ్మాయ్. రెండో చేతిలో ఆ తీగ, ఒక్క మెలికైనా చెదరకుండా. "మీరు చెప్పినట్టే మెల్లగా విప్పానండీ. నా చెయ్యే మొరటు. అతుకుతుందంటారా?" తిట్టొచ్చుగా మనిషి! ఓ మాటంటే నేనూ ఓ మాటని ఊరుకుందును. అనలేదు. ఎవరితోనూ అనలేదు.

అక్కణ్ణించి పదకొండేళ్లు బతికించాడు ఈ చెట్టుని. ఆసుపత్రికి పోయేముందు చెట్టూ తీగా నాకే ఇచ్చాడు, "మీకన్నా తెలిసినవాళ్లెవరండీ" అని. నాకు తెలుసట! ఎడంపక్క అలా బోసిగా ఉందేమని ప్రతివాడూ అడుగుతాడు. పై కొమ్మని కిందికి లాగి రెండేళ్లలో కప్పెయ్యగలను, చేతకాక కాదు. నా నోటి దురద చేసిన పని అది. ఉండనీ, కనబడనీ.

టైమెంతయింది? ఏడా? లే, పక్కకి జరుగు, నీళ్లు పొయ్యాలి. వాన పడుతోందంటావా? పడనీ. ఆ గొడుగిలా ఇయ్యి.